హాలిస్ వంతు

బేస్‌బాల్ జట్టులోకి కొత్త పిచర్ వస్తున్నాడని మా ఆయన నాకు చెప్పలేదు. టోరి చెప్పింది. దుకాణంలో మొక్కజొన్న కంకులు ఏరుకుంటుంటే పక్కకొచ్చి నిలబడి, "విన్నావా జానెల్? డకోటా జట్టు దగ్గర్నుంచి ఒక కుర్రాణ్ణి తెస్తున్నారట. నిప్పులు కురిపిస్తాడట" అంది. టోరి మొగుడు స్పెన్స్ మా జట్టు క్యాచర్, పిచర్ వేసిన బంతి పట్టేవాడు. క్యాచర్ పెళ్ళానికి తెలియని సంగతి ఆ మైదానంలో ఉండదు. తెలిసిన సంగతి ఆమె కడుపులో ఉండదు.

"ఎవరి బదులు?" అన్నాను.

"అది డాయిల్ చూసుకుంటాడులే" అంటూ టోరి ఒక కంకి పొట్టు ఒలిచి గింజలు చూడటం మొదలుపెట్టింది. నా మొహంలోకి చూడకుండా చెప్పింది కాబట్టి ఎవరి బదులో నాకు అర్థమైపోయింది.

మా హెరన్స్ జట్టులో ఆట మొదలుపెట్టే పిచర్లు ఐదుగురు. వరసగా రోజుకొకడు బంతి వేస్తాడు, వేసినవాడు మళ్ళీ తన వంతు వచ్చేదాకా చేతికి విశ్రాంతి ఇస్తాడు. ఆరోవాడు వస్తే ఐదుగురిలో ఒకడు లేవాలి. మా ఆయన హాలిస్‌కి ముప్పై ఆరేళ్ళు. మిగతావాళ్ళందరూ ఆయన్ని తాత అని పిలుస్తారు. ఎవరు లేవాలో చెప్పడానికి మేనేజరు డాయిల్ పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోవలసిన పని లేదు.

లేచినవాణ్ణి వెంటనే ఇంటికేమీ పంపరు. కంచె అవతల బుల్‌పెన్‌లో బెంచీ మీద కూర్చోబెడతారు. ఆట మధ్యలో ఎవడైనా అలసిపోతే అక్కడ ఫోను మోగుతుంది, అప్పటికప్పుడు చెయ్యి సిద్ధం చేసుకుని పరిగెత్తాలి. మా ఆయనకు అది కుదరదు. మోచేతికి ఆపరేషన్ అయినప్పటినుంచి ఆ చెయ్యి దారికి రావడానికి ముప్పావుగంట పడుతుంది. జనవరిలో మా ట్రక్కు కూడా అంత మొరాయించదు. అందుకని వరసలో చోటు పోయిందంటే హాలిస్‌కి ఆట పోయినట్టే. ఆ సంగతి డాయిల్‌కీ తెలుసు.

ఇంటికి రాగానే కంకుల సంచి బల్ల మీద పడేసి, "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్తే ఏం చేస్తావ్? డాయిల్ ఇంటి మీదికి బస్సు తోలతావా?" అన్నాడు. నేను స్కూలు బస్సు నడుపుతాను.

"తోలతాను. వాడి గులాబీ మొక్కల మీదుగా తోలి, మళ్ళీ వెనక్కి తోలతాను."

ఆయన నవ్వి, నవ్వు ఆగాక చెప్పాడు. "శుక్రవారం నా వంతు కదా. అది ఆ కుర్రాడికిచ్చాడు. ఎలా వేస్తాడో చూస్తాడట. బాగా వేస్తే నా చోటు వాడిది."

"మరి నువ్వు?"

"మా అన్నయ్య దాణా గోదాములో మనిషి కావాలంటున్నాడుగా" అన్నాడు, పక్కింటివాడి గురించి చెప్పినట్టు.

నాకు ఆ ఆటంటే మోజేం లేదు. పదమూడు ఊళ్ళు మారాం, వాటిలో సగం ఊళ్ళలో పెట్టెలు కూడా పూర్తిగా విప్పలేదు. కానీ ఆయన మైదానం మధ్య ఆ మట్టిదిబ్బ ఎక్కినప్పుడు చూడాలి. బయట ఎక్కడైనా కాస్త వంగి, ఎవరికో దారిస్తున్నట్టు ఒదిగి నడుస్తాడు. దాని మీద మాత్రం నిటారుగా నిలబడతాడు. ఆ మనిషి గోదాములో బస్తాలు లెక్కపెడుతూ ఎలా నిలబడతాడో నాకు బాగా తెలుసు. నేను చూడదలుచుకోలేదు.

బుధవారం సాయంత్రం ఆయన ఆ కుర్రాణ్ణే భోజనానికి వెంటబెట్టుకొచ్చాడు. పేరు విల్మర్ పెర్దోమో, ఊరు డొమినికన్ రిపబ్లిక్‌లో అసువా, ఇరవై మూడేళ్ళు. జట్టువాళ్ళు అతణ్ణి ఒక ముసలమ్మ ఇంట్లో ఉంచారు, ఆవిడ సూపు డబ్బా విప్పి అదే భోజనం అంటుందట. నేను బంగాళదుంపలు, చీజు కలిపి ఓవెన్‌లో క్యాసరోల్ వండాను. కుర్రాడు ఒక ముద్ద తిని, జేబులోంచి చిన్న కారం సీసా తీసి దాని మీద కుమ్మరించుకున్నాడు.

"ఏం మనుషులక్కా మీరు?" అన్నాడు. "ఇంత పెద్ద దేశం, ఒక్క మిరపకాయ లేదా?"

నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. అదీ నా కోపం. రాక్షసుడిలాంటివాడు వస్తే తిట్టుకోవడానికి వీలుగా ఉండేది. వీడు రెండుసార్లు వడ్డించుకుని, గిన్నెలు కడుగుతానని లేచాడు. తరవాత ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. కిటికీలోంచి చూస్తే మా ఆయన వాడి వేళ్ళు బంతి మీద ఒక్కొక్కటే సర్దుతున్నాడు. నిదానంగా వచ్చి చివర్లో కిందికి జారే బంతి ఒకటుంది ఆయనకు. ఈ వయసులో ఆయనకు తిండి పెడుతున్నది అదే.

వాడు వెళ్ళాక అందుకున్నాను. "నీ కుర్చీ లాక్కోవడానికి వచ్చినవాడికి కుర్చీ తుడిచి మరీ ఇస్తున్నావు."

"పిల్లాడు అడిగాడు."

"అడిగితే నన్ను కూడా ఇచ్చేస్తావా?"

"నిన్ను భరించాలంటే వాడికి ఇంకా వయసు రావాలి" అని వెళ్ళి పడుకున్నాడు.

శుక్రవారం మైదానం నిండిపోయింది. మా కుర్రాళ్ళు కూర్చునే డగౌట్ మూడో బేస్ పక్కన. పెళ్ళాలం మేమందరం దానికి ఎదురుగా ఇవతలి వైపు కూర్చుంటాం కాబట్టి లోపల బెంచీ మీద ఎవరు ఏం చేస్తున్నదీ బాగానే కనబడుతుంది. మా ఆయన కటకటాల మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. అది ఆయన వంతు రోజు. ఆయన చొక్కా మీద మట్టి లేకపోవడం నాకు చూడబుద్ధి కాలేదు.

కుర్రాడు నిజంగానే నిప్పులు కురిపించాడు. అవతలివాళ్ళు బ్యాటు తిప్పేసరికి బంతి స్పెన్స్ గ్లవ్‌లో ఉంటోంది. బంతిని కొట్టి బేస్ చేరితే హిట్, ఒక్కడు కూడా అది కొట్టలేకపోతున్నాడు. నాలుగో ఇన్నింగ్స్ దాటేసరికి జనం గొంతులు మారాయి. తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ఒక్క హిట్ ఇవ్వకుండా వేసిన పిచర్‌ని ఈ ఊళ్ళో ఇంతవరకు ఎవరూ చూడలేదు. అలాంటిది జరుగుతున్నప్పుడు దాని గురించి నోరెత్తకూడదు. ఆ పిచర్‌తో మాట్లాడకూడదు, పక్కన కూర్చోకూడదు, వాడి కళ్ళల్లోకి చూడకూడదు. మాట పడితే ఆట చెడుతుంది. ఇది మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు.

డగౌట్‌లో విల్మర్ బెంచీ ఈ చివర, మిగతా జట్టంతా ఆ చివర. మధ్యలో ఒక బస్సు పట్టేంత ఖాళీ. మా వరసలో కూడా ఎవరూ కదలడం లేదు. టోరి మూడో ఇన్నింగ్స్ నుంచి బాత్‌రూముకి వెళ్ళాలంటోంది. వెళ్ళనిస్తే కదా. "ఉగ్గబట్టుకో, లేచావంటే చంపేస్తాం" అంది వెనక వరసావిడ.

ఆరో ఇన్నింగ్స్‌లో చూశాను. బంతి వేశాక విల్మర్ చిటికెన వేలి వైపు చెయ్యి తొడకేసి రాసుకున్నాడు. చెమటేమో అనుకున్నాను. మళ్ళీ వేశాడు, మళ్ళీ రాసుకున్నాడు, ఈసారి గుప్పిట మూసి తెరిచాడు. వేళ్ళు ఉన్నాయా లేవా అని చూసుకుంటున్నట్టు. నెబ్రాస్కాలో ఉన్న వేసవిలో మా ఆయన అచ్చం ఇలాగే చేసేవాడు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం దిబ్బ మీదే మోచేతిలో దుప్పటి చింపినట్టు చప్పుడైందట. తరవాత ఏడాదిపాటు ఆయన చొక్కా బొత్తాలు నేనే పెట్టాను.

"స్పెన్స్ ఏంటి, లేచి లేచి పట్టుకుంటున్నాడు?" అంది టోరి. నిజమే. కింద పడాల్సిన బంతులు పైకి పోతున్నాయి.

"గాలి" అన్నాను.

ఆకు కూడా కదలడం లేదు ఆ పూట.

నాకప్పుడేమనిపించిందో దాచి ఏం లాభం? ఇంకొక్క ఇన్నింగ్స్ వెయ్యనీ అనిపించింది. ఇంకొక్కటి వేస్తే ఆ చెయ్యే సంగతి తేల్చేస్తుంది, ఆ చోటు మళ్ళీ మాదవుతుంది. వేడి నెత్తికెక్కి కాదు, పిచ్చి పట్టి కాదు. నిమ్మరసం గ్లాసు చేత్తో పట్టుకుని, చల్లగా అనుకున్నాను. మా ఇంట్లో గిన్నెలు కడిగిన చెయ్యి అది.

ఏడో ఇన్నింగ్స్ కూడా అయింది. ఒక్క హిట్ లేదు. విల్మర్ వచ్చి బెంచీ చివర కూర్చుని చేతి మీద తువ్వాలు కప్పుకున్నాడు. కటకటాల దగ్గర మా ఆయన తల తిప్పి వాడి వైపు చూశాడు. తువ్వాలు కింద వేళ్ళు కదులుతున్నాయి. ఆయన అలా చూస్తూనే ఉండి, కటకటాలు వదిలి నిలబడ్డాడు.

"కూర్చో" అన్నాను.

"నేను కూర్చునే ఉన్నానుగా" అంది టోరి.

మా ఆయన ఆ ఖాళీ బెంచీ పొడుగునా నడిచి వెళ్ళి విల్మర్ పక్కన కూర్చున్నాడు. టోరి నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగాయి. "జానెల్! మీ ఆయనకేమైనా మతి పోయిందా? మాట్లాడుతున్నాడు! వాడితో మాట్లాడుతున్నాడు!"

నా ముందు వరసలో ముసలాయన లేచి, "ఏయ్ తాతా! లేవరా అక్కణ్ణుంచి!" అని అరిచాడు. ఆయనకు డెబ్బై ఉంటాయి, మా ఆయన్ని తాత అంటున్నాడు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆ అరుపు వరస నుంచి వరసకు పాకింది. అవతల విల్మర్ తల అడ్డంగా ఊపుతున్నాడు. హాలిస్ ఏదీ చూపించమన్నట్టు అరచెయ్యి చాపాడు. కుర్రాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇంతలో స్పెన్స్ వచ్చి మా ఆయన చొక్కా పట్టుకుని లేపాడు. ఆయన విడిపించుకుని డాయిల్ దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. డాయిల్ కుర్రాడి వంక చూడలేదు, స్కోరు బోర్డు మీద హిట్ల దగ్గరున్న సున్నా వంక చూశాడు. చూసి, విల్మర్‌ని మళ్ళీ దిబ్బ మీదికి పంపాడు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మొదటి బంతే హిట్. మామూలు హిట్ కాదు, ఇద్దరు ఫీల్డర్ల మధ్య నుంచి బంతి కంచె దాకా దొర్లింది. జనం ఒక్కసారి ఉస్సురన్నారు. తరవాత తిట్లు మొదలయ్యాయి. అవి విల్మర్‌కి కాదు. డగౌట్ పైకప్పు మీద ఎవరో విసిరిన గ్లాసు పడింది. విల్మర్ కాసేపు ఆ దిబ్బ మీద నిలబడి ఉన్నాడు. ఇంకో బంతి వెయ్యలేదు. ఎడమ చెయ్యెత్తి డాయిల్‌ని పిలిచాడు.

మోచేతి లోపలి లిగమెంట్ సగం చిరిగిందని డాక్టరు చెప్పాడు. సగం మిగిలింది కాబట్టి ఏడాదికో ఏడాదిన్నరకో మళ్ళీ వెయ్యొచ్చు, ఇంకో నాలుగు బంతులు వేసుంటే ఆ మాట చెప్పగలిగేవాణ్ణి కాదని కూడా అన్నాడట. ఆ రెండో ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. హాలిస్ నోరు పెట్టాడు, హిట్ పడింది, చెయ్యి కూడా పోయింది. ఊరంతా ఇదే మాట. మంగలి షాపులో ఇదే, చర్చి మెట్ల మీద ఇదే. చెయ్యి ముందే పాడైంది కాబట్టి ఆయన నోరు తెరిచాడని ఒక్కడికీ తోచలేదు. నోరు తెరిచాడు కాబట్టి చెయ్యి పాడైందని అందరికీ తోచింది. "చోటు పోతుందని కుళ్ళుకుని దిష్టి పెట్టాడు" అని దుకాణంలో నా వెనకే ఎవరో అన్నారు. వెనక్కి తిరిగితే టోరి. అన్నది తను కాదు, కానీ అన్నావిడ పక్కనే నిలబడి ఉంది. నన్ను చూసి సరుకుల బండిని పక్క అరల సందులోకి తిప్పుకుంది.

ఆదివారం విల్మర్ వెళ్ళిపోతుంటే మా ఆయన బస్టాండుకు వెళ్దామన్నాడు. వద్దన్నాను, వినలేదు. వాడి చెయ్యి పట్టీలో వేలాడుతోంది. హాలిస్ సంచి అందుకోబోతే ఇవ్వలేదు.

"మీకొక్కరికే తెలుసనుకున్నారా?" అన్నాడు విల్మర్. అరవలేదు. "నాకు డకోటాలోనే తెలుసు. చెప్తే ఎవడు తీసుకుంటాడు నన్ను? ఇంకో ఆరుగుర్ని ఔట్ చేస్తే చాలు, తరవాత చెయ్యి ఊడి కింద పడినా సరే అనుకున్నాను. ఆ ఒక్క ఆట నాదయ్యేది. చచ్చేదాకా నాదే అయ్యేది."

"వెధవా, నీకు ఇరవై మూడేళ్ళు" అన్నాడు మా ఆయన. "ఒక్క ఆట కోసం..."

"మీకు చాలా ఆటలున్నాయి కాబట్టి ఒక్క ఆట అంటున్నారు." వాడు సంచి మంచి భుజానికి మార్చుకున్నాడు. "నా చెయ్యి కోసం చెప్పారో మీ చోటు కోసం చెప్పారో ఆ దేవుడికే తెలియాలి. చోటైతే దక్కింది. సుఖంగా ఉండండి."

నా వైపు తిరిగి మాత్రం తల వంచి, "వెళ్ళొస్తానక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటా అనకుండా వెళ్ళినా బాగుండును. బస్సు ఎక్కాక మా వైపు చూడలేదు.

మంగళవారం మధ్యాహ్నం డాయిల్ ఫోను చేశాడు. నేను వంటింట్లో ఉన్నాను. మా ఆయన ఫోను పెట్టేసి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"రేపు నన్ను వెయ్యమంటున్నాడు. వాడి వంతు."

"నీ వంతు" అన్నాను.

"వెయ్యను. చెప్పేస్తాను. అన్నయ్యకి కూడా ఫోను చేస్తాను."

"ఊళ్ళో వెధవలు ఏదో కూశారనా?"

"ఊళ్ళోవాళ్ళు కాదు." రెండు చేతులూ బల్ల మీద పరిచి వాటినే చూస్తున్నాడు. "వాడన్నదే. నేను లేచినప్పుడు నా మనసులో ఏముందో నాకు తెలీదు జానెల్. నిజంగా తెలీదు. వాడి వేళ్ళు చూశాను. ఆ సున్నా కూడా చూశాను. అది అలాగే ఉంటే నా పని అయిపోయిందని కూడా తెలుసు. ఇందులో ఏది నన్ను లేపిందో ఇప్పుడు ఎవరు చెప్తారు? నాలుగు రోజుల్నుంచి అదే వెతుక్కుంటున్నాను. దొరకడం లేదు. అది తెలియకుండా ఆ దిబ్బ ఎక్కలేను."

నువ్వు మంచివాడివి హాలిస్, అనొచ్చు. పెళ్ళాం అన్నాక అంటుంది. ఆయన నమ్మడు, నమ్మినట్టు తలూపి రేపు గోదాముకు వెళ్తాడు. ఆయన్ని నిలబెట్టగలిగిన మాట నా దగ్గర ఒక్కటే ఉంది. అది చెప్పాక ఈ ఇంట్లో నేనెక్కడ నిలబడతానో నాకు తెలియదు. స్టవ్ ఆపి వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.

"నీకు చోటే కావాలంటే లేవాల్సిన పని లేదు" అన్నాను. "కదలకుండా కూర్చుంటే చాలు. ఇంకో నాలుగు బంతులకి ఆ చెయ్యి తెగేది, చోటు నీకొచ్చేది, ఊళ్ళో ఒక్క నోరు నిన్ను మాట అనేది కాదు. నువ్వు లేచావు కాబట్టే తిట్లు తింటున్నావు."

"అంత లెక్క అప్పటికప్పుడు ఎవరికి తడుతుంది?"

"నాకు తట్టింది."

ఆయన తలెత్తాడు.

"ఆరో ఇన్నింగ్స్‌లోనే చూశాను. నీకంటే ముందు. వేళ్ళు తొడకేసి రాసుకోవడం చూసి వెంటనే పోల్చుకున్నాను. బంతులు పైకి పోతున్నాయేమని టోరి అడిగితే గాలి అని చెప్పాను. ఇంకొక్క ఇన్నింగ్స్ వెయ్యాలి, ఆ చెయ్యి పోవాలి అని కూర్చున్నాను. నువ్వు లేస్తుంటే కూర్చోమని పైకే అన్నాను. చోటు కోసం చూసినవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలుసు హాలిస్. అలా ఉన్నది నువ్వు కాదు."

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. ఆయన భుజాల్లోంచి ఏదో బరువు దిగిపోవడం నాకు కనిపించింది, అది దిగి ఎక్కడికి వచ్చిందో కూడా నాకు తెలిసింది.

"వాడు మన బల్ల దగ్గర తిన్నాడు" అన్నాడు చివరికి.

"తిన్నాడు."

ఆయన లేచి వరండాలోకి వెళ్ళి డాయిల్‌కి ఫోను చేసి వస్తున్నానని చెప్పాడు.

బుధవారం హాలిస్ ఏడు ఇన్నింగ్స్ వేశాడు, హెరన్స్ గెలిచారు. రేడియోలో విన్నాను. పెళ్ళైనప్పటినుంచి తన వంతు వచ్చిన ప్రతి రోజూ, వస్తున్నావుగా అని అడిగి గాని గడప దాటేవాడు కాదు. ఈసారి అడగలేదు.